పోతన పద్యంలో ‘కాంతోపల’మా, ‘కాంత్యుపల’మా?

తరంగిణి:
రెండు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. ఎమ్‌టెక్ పిల్లలకు ఫోటానిక్ క్రిస్టల్ (లోపలి వరస వల్ల కొన్ని అలలను దాటనివ్వని దిమ్మె) ఏంటెనాల గురించి తెలుగులో ఒక గంట చెప్పాలి. ఒపల్ రాయితో మొదలుపెడదామనుకున్నాను. అందులో 150 నుంచి 300 నానోమీటర్ల సిలికా గుండ్లు, బుట్టలో నిమ్మకాయలు పేర్చినట్టు వరస తప్పకుండా ఉంటాయి. ఆ రంగులన్నీ వరస వల్లే పుడతాయి. ఇది రాసుకుంటుంటే ‘అల వైకుంఠపురంబులో’ రెండో పాదం చివర నోటికొచ్చింది: ‘ప్రాంతేందుకాంత్యుపలో’. ఉపలమే ఒపల్ కదా, ఫోటానిక్ క్రిస్టల్‌కి ‘కాంత్యుపలం’ అని పోతనే పేరు పెట్టి ఉంచాడనిపించింది. కానీ ఆ ‘త్యు’ నాకు సరిగ్గానే గుర్తుందా?

ఓరుగల్లు:
లేదండీ, ‘ఇందుకాంతోపలో’. గణాలు వేసి చూడండి. మత్తేభంలో ఆరోది య గణం: దు, కాం, తో. ‘త్యు’ లఘువు, అక్కడ నిలవదు. ఇందుకాంత, ఉపల కలిసి గుణసంధి. అంటే చంద్రకాంత శిల. మీరు కాంతి అనుకుని యణాదేశం చేశారు.

పద్యప్రియ:
ఓరుగల్లు గారు చెప్పిందే సరి. ఇంకొకటి చూడండి. మొదటి మూడు పాదాలూ మాట మధ్యలోనే విరుగుతాయి: దా/పల, ఉ/త్పల, వి/హ్వల. ప్రాస ‘ల’ కోసమే అంటారు, నేను ఒప్పుకోను. ఏనుగు మొర విని స్వామి లేచిన పద్యం ఇది, పాదం చివర ఆగి ఊపిరి పీల్చుకుంటే ఎలా? మా తాతగారు ఈ పద్యం ఒక్క గుక్కలో చదివేవారు, ‘సంరంభియై’ దగ్గరే ఆగేవారు.

నల్లరేగడి:
సంధి సంగతి సరే, ఉపలం అంటే ఒపల్ అనేయకండి. సంస్కృతంలో ఉపలం ఏ రాయైనా కావచ్చు. వర్షోపలం అంటే వడగల్లు. లాటిన్ ‘ఓపలస్’ ఇక్కడి నుంచే వెళ్ళిందని చాలామంది భాషావేత్తల ఊహ, నాకూ నచ్చిన ఊహే. అయినా పోతన చెప్పింది వెన్నెల తగిలితే చెమ్మగిల్లే రాయి. ఇప్పుడు అంగట్లో మూన్‌స్టోన్ అని అమ్మేది ఫెల్డ్‌స్పార్. దాని మెరుపు లోపలి పలచని పొరల నుంచి వస్తుంది.

తరంగిణి:
పొరలన్నారు, సంతోషం! ఒక దిక్కున పొరల వరస ఉంటే చాలు, కొన్ని అలలు దాటలేవు. మా కథా అక్కడిదే. 1987లో యాబ్లనోవిచ్, సజీవ్ జాన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు ఎవరికి వారు ఈ ఆలోచనను ప్రచురించారు. 1991లో యాబ్లనోవిచ్ బృందం ఒక దిమ్మెలో నిలువుకి 35 డిగ్రీల వాలున, మూడు వైపుల నుంచి రంధ్రాలు తొలిచింది. దాదాపు 13 నుంచి 15 గిగాహెర్ట్జ్ దాకా అలలకు ఏ దిక్కునా దారి లేదు. ఆ అలల పొడవు రెండు సెంటీమీటర్లు. అంటే అక్కడ కాంతే లేదు! అందుకే ఇలా అలలకు దారి లేని మేరను ఏంటెనా వాళ్ళు ‘ఎలక్ట్రోమాగ్నెటిక్ బ్యాండ్ గ్యాప్’ అంటారు. దానికి మాట కావాలి.

నల్లరేగడి:
నిషిద్ధ పట్టీ.

పద్యప్రియ:
పట్టీ అంటే కాలి పట్టీ గుర్తొస్తుందండీ. ‘పట్టె’ అనండి, పట్టెనామంలో పట్టె. వెడల్పుగా గీసిన గీత కళ్ళకు కడుతుంది.

నల్లరేగడి:
పాఠాల్లో పట్టీ అనే చదువుకున్నాం. ఒక్క అచ్చు కోసం పిల్లల్ని తికమక పెట్టొద్దు.

ఓరుగల్లు:
అసలు దీనివల్ల ఏంటెనాకి ఏం ఒరుగుతుందో చెప్పండి, మాట అదే దొరుకుతుంది.

తరంగిణి:
గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకపు పలక మీద ఏంటెనా పెడితే శక్తిలో 98 శాతం దాకా పలకలోకే పోతుంది, గాలిలోకి వచ్చేది చాలా తక్కువ. 1993లో బ్రౌన్, పార్కర్, యాబ్లనోవిచ్ ఆ పలక స్థానంలో ఫోటానిక్ క్రిస్టల్ పెట్టి చూపించారు. లోపలికి దారి లేదు కాబట్టి అల గాలిలోకే వచ్చింది. 1999లో సీవెన్‌పైపర్ బృందం దీన్ని పలచని బోర్డు మీదికి తెచ్చింది. అలాంటిదొకటి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. చదరపు రాగి బిళ్ళలు, మధ్యలో సన్నని సందులు, ఒక్కో బిళ్ళ కింద ఒక కాడ, అడుగున రాగి రేకు. పక్క నుంచి చూస్తే అచ్చం పుట్టగొడుగుల మడి. మామూలు రేకుకి ఏంటెనాని ఆనించి పడుకోబెడితే రేకులోని ఎదురు ప్రవాహం దాన్ని చంపేస్తుంది, పావు అల ఎత్తున నిలబెట్టాలి. ఈ మడి మీద ఆ ఎత్తు అక్కర్లేదు, దాదాపు ఆనించేయొచ్చు.

పద్యప్రియ:
మా వైపు కుక్కగొడుగులు అంటాం.

ఓరుగల్లు:
అయితే ‘కాంతోపలం’ అనే పెట్టండి, కాంతితో పని లేకుండానే. ఇందుకాంతం, సూర్యకాంతం, అయస్కాంతం. మీ విద్యుదయస్కాంతంలో ఉన్నదీ ఆ ‘కాంత’మే. పోతన అక్షరం చెడదు, మీ శాస్త్రమూ చెడదు.

నల్లరేగడి:
ఒప్పుకోలేను. కాంతం అంటే ఇష్టమైనది. అయస్కాంతం ఇనుముని లాక్కుంటుంది, ఇందుకాంతం వెన్నెలకు కరుగుతుంది. ఈ దిమ్మె అలను గడప తొక్కనివ్వదు. ఇక కాంతం ఎలా అవుతుంది?

ఓరుగల్లు:
అన్ని అలలనూ ఆపదు కదా! పట్టెలో పడ్డవాటినే.

నల్లరేగడి:
పట్టీలో.

పద్యప్రియ:
నాదింకో సందేహం. ‘ఉపలోత్పలపర్యంక’లో పాన్పు కలువలదా, చంద్రకాంత శిలదా? శిల మీద కలువలు పరిచారని తాతగారు చెప్పేవారు. శిలే పాన్పు, కలువలు పక్కనున్న కొలనులోవి అని మా తెలుగు మాస్టారు. మీరెలా చదువుకున్నారు?