మా మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నాడు, చుక్క కూడా రావట్లేదు. సోమవారం దాకా ఆగొచ్చా?

బెజవాడ బుడ్డోడు, ఆదివారం ఉదయం 7:40

మాది విజయవాడ. మా వాడికి మూడేళ్ళు, మగ, ఆపరేషన్ అయిపోయింది, ఐదున్నర కిలోలు ఉంటాడు, బయటికి పంపం. తినేది డ్రై ఫుడ్, అప్పుడప్పుడు మా నాన్న దొంగతనంగా పెట్టే ఎండు నెత్తళ్ళు. పది రోజుల కిందట ఇల్లు మారాం, అప్పట్నుంచి బీరువా మీంచి దిగడమే తక్కువ.

నిన్న సాయంత్రం నుంచి పది నిమిషాలకోసారి ట్రేలోకి వెళ్ళి ఇసుక గోకి కూర్చుంటున్నాడు, ముక్కుతున్నాడు, లేచి ఇంకో మూల గోకి మళ్ళీ కూర్చుంటున్నాడు. మలబద్ధకం అనుకుని రాత్రి గుమ్మడికాయ ఉడకబెట్టి పెడితే వాసన కూడా చూడలేదు. తెల్లవారుజామున హాల్లో టైల్ మీద గులాబీ రంగు చుక్క ఒకటి కనిపించింది. ఇందాక నురగలా కక్కాడు. అస్తమానం కింద నాక్కుంటున్నాడు, ఎత్తుకోబోతే గట్టిగా అరిచాడు, వాడు ఎప్పుడూ అలా అరవలేదు. అమ్మేమో వేడి చేసింది, బార్లీ నీళ్ళు పడితే తగ్గిపోతుంది అంటోంది, సిరంజితో కాస్త పట్టించాం. మేం చూపించే డాక్టర్ గారు ఆదివారం ఉండరు. రేపు పొద్దున్నే తీసుకెళ్తే సరిపోతుందా? ఈలోగా నొప్పికి చిన్నపిల్లల పారాసిటమాల్ చుక్కలు వేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

మూడు పిల్లుల ఇల్లు, ఉదయం 7:46

ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి. పారాసిటమాల్ వద్దే వద్దు, పిల్లులకి అది విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి, చుక్కలైనా సిరప్ అయినా మందు అదే. ఇంట్లో ఉన్న ఏ నొప్పి మాత్రా వద్దు. ఇంకేం తాగించకండి కూడా, లోపల నిండిపోయి పోయే దారి లేకపోతే పైనుంచి నీళ్ళు పోసి ఏం లాభం? బుట్టలో తువ్వాలు వేసి కూర్చోబెట్టండి, పొట్ట నొక్కి చూడొద్దు, నిండిన మూత్రసంచి చిట్లుతుంది.

ఫోన్ చేసినప్పుడు "పిల్లికి బాలేదండి" అంటే సాయంత్రం రమ్మంటారు. "మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోయింది, వాంతి కూడా అయింది" అని చెప్పండి, అప్పుడు ఆదివారమైనా కదులుతారు. ఊళ్ళో ఎవరూ దొరక్కపోతే మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కదా, ఇవాళ ఎవరుంటారో ముందు కనుక్కుని వెళ్ళండి.

మా పెద్దోడికి నాలుగేళ్ళ కిందట సరిగ్గా ఇలాగే అయింది. మేమూ మలబద్ధకమే అనుకున్నాం, ఎందుకంటే కూర్చునే తీరు అచ్చం అలాగే ఉంటుంది, పైగా ట్రేలో ఏమీ ఉండదు. ఒకాయన చూసి గ్యాస్ అని ఇంజెక్షన్ వేసి పంపించేశారు. మర్నాటికి పక్కకి పడిపోయాడు, ఒళ్ళు చల్లబడింది. వేరే చోటికి పరిగెత్తితే అక్కడి డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి రెండు సెకన్లలో చెప్పేసింది, సంచి బత్తాయికాయంత గట్టిగా ఉందని. బతికాడు, కానీ నాలుగు రోజులు అక్కడే ఉంచాల్సి వచ్చింది, ఇప్పటికీ ఆ గ్యాస్ ఇంజెక్షన్ గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గోదారి గట్టు, ఉదయం 8:05

అంత కంగారు పెట్టకండి పాపం ఆయన్ని. మా పిల్లికి కూడా చుక్కలు చుక్కలుగా, రక్తంతో పోసేది. బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు ఇచ్చాం, ఐదు రోజుల్లో మామూలైపోయింది. డాక్టర్ దగ్గరికే వెళ్ళలేదు.

పశువైద్యం ఫైనలియర్, ఉదయం 8:20

గోదారి గారూ, మీరు చెప్పింది అబద్ధం కాదు, కానీ మీ పిల్లికి చుక్కలైనా వచ్చాయి. వీళ్ళ వాడికి రావట్లేదు. తేడా అంతా అక్కడే. పిల్లుల్లో మూత్రసంచి వాపు చాలాసార్లు ఏ క్రిమీ లేకుండానే వస్తుంది, అసలు కారణం ఏంటో తేలదు, ఒత్తిడికి మాత్రం గట్టి సంబంధం ఉంటుంది, వారం లోపు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ఆ వారంలో మీరు బార్లీ ఇచ్చినా, ధనియాల కషాయం ఇచ్చినా, తాయెత్తు కట్టినా పేరు దానికే వస్తుంది. (ఎగతాళి కాదండీ, మా అమ్మమ్మ వైద్యం కూడా ఇదే.)

మగపిల్లికి ప్రమాదం ఎందుకంటే వాటి మూత్రనాళం పొడుగ్గా ఉండి చివరికి వచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది. వాపు వల్ల ఊరిన జిగురూ, ఇసుక లాంటి స్ఫటికాలూ కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి, ఒక్కోసారి చిన్న రాయే అడ్డం పడుతుంది. ఆడపిల్లులకి నాళం పొట్టి, వెడల్పు, అందుకే వాటికి మంట, రక్తం ఉన్నా పూర్తిగా మూసుకుపోవడం అరుదు. మూసుకుపోయాక మూత్రం వెనక్కి ఎగదన్ని కిడ్నీలు పని ఆపేస్తాయి, బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలోనే పేరుకుపోతుంది, గుండె నెమ్మదించి లయ తప్పుతుంది. చాలావాటికి ప్రాణం పోయేది గుండె ఆగే. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజులే టైమ్, మీ లెక్కలో రాత్రి ఒకటి అప్పుడే అయిపోయింది. వాంతి మొదలైందంటే విషం ఎక్కుతోందనే అనుకోవాలి.

అక్కడ ఏం చేస్తారో చెప్తాను, చూసి భయపడకుండా. రక్తం తీసి పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రీడింగు) చూస్తారు, సెలైన్ పెడతారు. పొటాషియం బాగా ఎక్కువుంటే గుండెని కాపాడటానికి ముందు కాల్షియం గ్లూకోనేట్ ఇస్తారు. తర్వాత మత్తిచ్చి సన్నటి గొట్టం పెట్టి సెలైన్‌తో ఆ బిరడాని వెనక్కి తోస్తారు. గొట్టం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. అడ్డం తీసెయ్యగానే ఇంటికి తెచ్చేసుకుంటాం అనకండి, ఆ తర్వాత మూత్రం ధారాళంగా పోయి ఒంట్లో నీరంతా లాగేస్తుంది, అందుకని సెలైన్ నడవాలి.

గోదారి గట్టు, ఉదయం 8:31

సరే తమ్ముడూ, నాకు ఆ తేడా తెలీదు. బుడ్డోడు గారూ, వెళ్ళండి, నా మాట పట్టుకుని ఆగకండి.

బెజవాడ బుడ్డోడు, ఆదివారం రాత్రి 9:15

మీ మెసేజీలు చూసి ఎనిమిదిన్నరకే ఆటో ఎక్కాం. మూడో ఫోన్‌కి ఒక డాక్టర్ గారు దొరికారు, చెప్పమన్నట్టే చెప్పాను, సరాసరి రమ్మన్నారు. నిజంగానే మూసుకుపోయిందట. పొటాషియం ఎక్కువగా ఉంది, కిడ్నీ రీడింగులు కూడా పెరిగాయి. గొట్టం పెట్టగానే టీ డికాషన్ రంగులో వచ్చిందండీ, చూడలేకపోయాను. ఇప్పుడు నిద్రపోతున్నాడు, అక్కడే ఉంచారు, మొన్న కొన్న వాషింగ్ మెషీన్ డబ్బులు ఇంకోసారి కట్టినట్టుంది బిల్లు. మూత్రాన్ని మైక్రోస్కోప్‌లో చూస్తే స్ట్రువైట్ అనే రకం స్ఫటికాలు కనిపించాయన్నారు, ఎక్స్‌రేలో రాయి ఏం లేదు.

రెండు సందేహాలు. యాంటీబయాటిక్ రాయలేదు, ఇన్ఫెక్షన్ కాదా ఇది? ఇంటికొచ్చాక మళ్ళీ రాకుండా ఏం చేయాలి?

పశువైద్యం ఫైనలియర్, రాత్రి 9:50

హమ్మయ్య. ఈ వయసు పిల్లుల్లో బ్యాక్టీరియా వల్ల రావడం తక్కువ. మూత్రాన్ని కల్చర్ చేసి, అంటే ల్యాబ్‌లో క్రిములు పెరుగుతాయేమో చూసి, క్రిమి ఉందని తేలితేనే యాంటీబయాటిక్, ఊరికే వాడితే బాక్టీరియా మొండికేయడం తప్ప లాభం లేదు. నొప్పి మందు మాత్రం ఇచ్చారా అని అడగండి, అది చాలా అవసరం, నొప్పికి నాళం బిగుసుకుంటే మళ్ళీ అడ్డం పడుతుంది. స్ట్రువైట్‌ని కరిగించే ప్రత్యేకమైన తిండి ఉంటుంది, డాక్టర్ రాస్తే అదే పెట్టండి, దాని పక్కన నెత్తళ్ళు పెడితే మాత్రం డబ్బులు దండగ. కాల్షియం ఆక్సలేట్ అనే ఇంకో రకం స్ఫటికం ఉంది, అది తిండితో కరగదు, అందుకే ఎవరి పిల్లికో రాసింది కొని పెట్టకూడదు. ఇలా పదే పదే అవుతుంటే చివరి సన్నటి భాగం తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది, అది ఇప్పుడు మీకు కాదులెండి.

మూడు పిల్లుల ఇల్లు, రాత్రి 10:10

నీళ్ళండీ, నీళ్ళే. పిల్లి ఎడారి జంతువు సంతానం, దాహం వేసినా గిన్నె దగ్గరికి పోదు. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతు ఉంటుందేమో, తడి తిండిలో ముప్పావు వంతుకి పైనే. డాక్టర్ రాసేది తడి రకంలో దొరికితే అదే తీసుకోండి, లేకపోతే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పెట్టండి. ఇల్లంతా నాలుగైదు చోట్ల వెడల్పాటి గిన్నెలు పెట్టండి, ట్రే పక్కన మాత్రం వద్దు. మా పెద్దోడు స్టీలు గిన్నె ముట్టడు, మట్టి మూకుడులో పోస్తే తాగుతాడు, ఎందుకో వాడికే తెలియాలి.

ఇంకోటి, మీరు ఇల్లు మారారు అన్నారు చూడండి, నాకు అనుమానం అక్కడే. ఒక్క పిల్లి ఉన్నా ట్రేలు రెండు పెట్టండి, వాషింగ్ మెషీన్ మోతకి దూరంగా. పాత దుప్పటి ఉతక్కుండా బీరువా మీద వెయ్యండి, వాడి వాసన వాడికి ధైర్యం. మా వాడికి రెండోసారి వచ్చింది దీపావళి టపాసులప్పుడు, అప్పట్నుంచి ఆ మూడు రోజులూ వాణ్ణి లోపలి గదిలో పెట్టి ఫ్యాన్ ఫుల్‌గా వేస్తాం.

మొదటి వారం రెండు వారాలు మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ట్రేలో ఉండకట్టే ఇసుక వాడితే రోజూ ఎన్ని ఉండలు, ఎంతెంత సైజు అని లెక్క పెట్టొచ్చు. మామూలుగా రోజుకి రెండు మూడు ఉంటాయి. చిన్న చిన్నవి ఎక్కువైనా, అసలు లేకపోయినా ఈసారి గుమ్మడికాయ ఉడకబెట్టకండి.

బెజవాడ బుడ్డోడు, బుధవారం సాయంత్రం 6:30

నిన్న గొట్టం తీశారు, ఇవాళ మధ్యాహ్నం ఇంటికి తెచ్చాం. రాగానే బీరువా ఎక్కేశాడు, దుప్పటి మీద రెండు గంటలు పడుకుని ఇప్పుడే దిగి ట్రేలోకి వెళ్ళాడు. మేం నలుగురం ఊపిరి బిగబట్టి తలుపు పక్కనే నిలబడ్డాం. ఉండ కట్టింది, నిమ్మకాయంత. నాన్న నెత్తళ్ళ డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు, వాళ్ళది ఆడపిల్లి.

మూడు పిల్లుల ఇల్లు, సాయంత్రం 6:34

ఆడపిల్లికైనా ఉప్పు చేపలు మంచివి కావు, వెనక్కి తెచ్చి మీరే వేపుడు చేసుకోండి.