దవడ రెండు చోట్ల విరిగింది, ప్లేట్లు వేయించాలా? తీగలు కడితే సరిపోదా?

ప్రశ్న (నర్సంపేట):
మొన్న రాత్రి మా తమ్ముడు బండి మీద వస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన వడ్లు కనబడలేదు. చుట్టూ పెట్టిన రాళ్లకు తగిలి పడ్డాడు. హెల్మెట్ ఉంది, కానీ సగం హెల్మెట్, గదవ బయటే ఉంటుంది. హన్మకొండలో స్కాన్ తీసి కింది దవడ ఎడమ పక్క మూల దగ్గర, కుడి పక్క కోరపన్ను కింద విరిగిందన్నారు. టైటానియం ప్లేట్లు వేయాలట. మా పెద్దనాయన మాత్రం "మా కాలంల తీగలతో పండ్లు కట్టేసేటోళ్లు, అదే అతికేది" అంటున్నాడు. 24 ఏళ్ల పిల్లగాడు జీవితాంతం ఇనుము పెట్టుకుని తిరగాలా? ముఖం మీద కోత పడుతుందేమోనని అమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు (కాజీపేట):
పెద్దనాయన అన్నది అబద్ధం కాదు. ఎముక జరగకుండా ఒక్కచోటే చిట్లితే ఇప్పటికీ తీగలతో నయం చేస్తారు. నాకు 2019లో ఆపరేషన్‌కు ముందు నాలుగు రోజులు తీగలే కట్టారు. పళ్ల సందుల్లోంచి రాగి జావ, పప్పు మీది తేట. వాంతి వస్తే వెంటనే తీగ తెంపాలని కట్టర్ దిండు పక్కనే పెట్టుకున్నాం, ఆ భయానికి నిద్ర ఎక్కడిది? తీగలతోనే అతకాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు అట్లాగే ఉండాలన్నారు. ప్లేట్లకు సంతకం పెట్టేశాను.

మత్తు గొట్టం ముక్కులోంచి వేశారు. ముందు పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలిపి కట్టి, ఆ తర్వాతే ఎముకకు ప్లేట్ బిగిస్తారు కాబట్టి నోరు ఖాళీగా ఉండాలి. కోత పెదవి లోపలి నుంచే. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో వెతికినా గీత కనబడదు. అమ్మకు ఈ మాట చెప్పండి.

నాకు ముందు ఎవరూ చెప్పనిది ఒకటుంది. కింది పెదవి మూడు నెలలు మొద్దుబారింది, టీ కారి చొక్కా మీద పడ్డా తెలిసేది కాదు. ఇక మూడో వారంలో సంక్రాంతి వచ్చింది, సకినం కొరికాను. తిట్లు తిన్నాను. ప్లేట్ పట్టుకుని ఉంటుందంతే, అతుక్కోవాల్సింది ఎముకే.

జవాబు (నోటి సర్జరీలో పీజీ విద్యార్థిని):
టైటానియం ఇనుము కాదు, తుప్పు పట్టదు. చీము పట్టడం, స్క్రూ వదులవడం లాంటివి లేకపోతే తీయనవసరం లేదు. ముందు భాగం మెలి తిరుగుతుంది కాబట్టి అక్కడ సాధారణంగా రెండు ప్లేట్లు. మూల దగ్గర నమిలినప్పుడు పగులు పై అంచున తెరుచుకుంటుంది, అందుకే పై అంచున ఒక్క చిన్న ప్లేట్ చాలాసార్లు సరిపోతుంది. 1970లలో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ సర్జన్ షాంపీ ఈ లెక్క తేల్చారు. పగులులో జ్ఞానదంతం ఉందేమో అడగండి. గుట్కా, సిగరెట్ ఉంటే ఈ రోజే మాన్పించండి, కుట్లు విడిపోయి చీము పట్టేది ఎక్కువగా వాళ్లకే. ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

ప్రశ్న అడిగినవారు:
పళ్లు మునుపటిలా కలుస్తున్నాయా అని తమ్ముణ్ని అడిగితే, తల అడ్డంగా ఊపాడు. పెద్దనాయన కూడా చూసి ఊరుకున్నాడు. ఎల్లుండి ఆపరేషన్. కాగితం మీద 'సర్వపిండి ఎప్పుడు' అని రాసి చూపిస్తున్నాడు.

జవాబు (కాజీపేట):
ఆరు వారాలు ఆగమనండి. ఆ తర్వాత కూడా డాక్టర్‌ను అడిగాకే, అదీ నడుమ మెత్తటి ముక్క.