పిల్లల తిండి చెడగొడుతున్నది తెరా, ఇంటి పరిస్థితా?

పలక_బలపం:
పిల్లలు సరిగా తినడం లేదన్నది ఇంటింటా వినే మాటే. కారణం కళ్లెదుటే ఉంది: ఫోను, టీవీ. తెర చూస్తూ తినే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు, ఏం తిన్నదో గుర్తుండదు, కాసేపటికే మళ్లీ ఏదో నమలాలనిపిస్తుంది. అమెరికాలో రెండు బడుల్లో చేసిన ప్రయోగం ఫలితాలు 1999లో వచ్చాయి. ఒక బడిలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు టీవీ, వీడియో గేములు తగ్గించుకోవడం నేర్పారు. రెండో బడి జోలికి పోలేదు. చివరికి మొదటి బడి పిల్లలు టీవీ ముందు భోంచేయడం తగ్గింది, ఎత్తుకు తగ్గ బరువు విషయంలోనూ వాళ్లే మెరుగు. ఇంకేం కావాలి?

లెక్కల_మాస్టారు:
అదే నివేదికలోని మిగతా సగం కూడా చెప్పండి. కొవ్వు ఎక్కువున్న పదార్థాలు తినడంలో రెండు బడులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లలు ఏం తింటారన్నది తెర ఒక్కటే తేల్చదు.

తీరిక_లేదు:
మా ఇంట్లో ఫోను లేనిదే ముద్ద మింగనిది తాతగారు. ముందు ఆయన సంగతి తేల్చండి.

రాత్రి_షిఫ్ట్:
మా వాడికి నాలుగేళ్లు. చేతిలో ఫోను ఉంటే కళ్లు తిప్పకుండానే నోరు తెరుస్తాడు. మధ్యలో ప్రకటన వచ్చిందా, నమలడం ఆగిపోతుంది. అది పోయేదాకా ముద్ద బుగ్గలోనే. ఇది మంచి అలవాటని నేను అనను. కానీ రాత్రంతా పనిచేసి వచ్చి, వాణ్ణి బడికి తయారు చేయాల్సిన మనిషికి వేరే దారి చూపించండి. ఇష్టపడని కూరగాయను ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూపిస్తే అలవాటవుతుందంటారు. కావచ్చు. ఆ పదిహేను సార్లూ వదిలేసింది చెత్తబుట్టలోకే పోతుంది కదా. ఆచితూచి కొనుక్కునే ఇంట్లో, రెండుసార్లు ఉమ్మేసిన దాన్ని మూడోసారి ఎవరు కొంటారు? తింటాడని తెలిసిందే తెస్తారు. ఇందులో ఫోను తప్పేముంది?

పలక_బలపం:
తీరిక లేదు, డబ్బు లేదు అన్నవి సాకులు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను పక్కన పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

కొత్త_సభ్యురాలు:
ఒక సందేహం. వెనకాల టీవీ మోగుతోంది, పిల్ల అటు చూడకుండా తింటోంది. అది లెక్కలోకి వస్తుందా?

పలక_బలపం:
వస్తుంది.

లెక్కల_మాస్టారు:
రాదు. చూడనిది అలవాటెలా అవుతుంది?

పలక_బలపం:
పిల్లకు చెవులు లేవా?

లెక్కల_మాస్టారు:
చెవులతో తినరు కదా! అసలు విషయానికి వద్దాం. తెర చేసేవి రెండు వేర్వేరు పనులు. ఒకటి, తినేటప్పుడు దృష్టి మళ్లించడం. రెండోది, తీపి పానీయాలూ చిరుతిళ్లూ అమ్మిపెట్టడం. రెండో దానికి పళ్లెం ముందు ఫోను ఉండనక్కర్లేదు, సాయంత్రం చూసిన ప్రకటన మర్నాడు దుకాణంలో మారాం చేయిస్తుంది. కెనడాలోని క్యుబెక్‌లో 13 ఏళ్లలోపు పిల్లలకు గురిపెట్టిన వాణిజ్య ప్రకటనలపై 1980 నుంచీ నిషేధం ఉంది. అది తల్లిదండ్రుల క్రమశిక్షణతో తేలే వ్యవహారం కాదని అక్కడివారికి అప్పుడే అర్థమైంది. ఇంకో మాట. తెర తక్కువగా చూసే ఇళ్లలో చాలావరకు చదువు, ఆదాయం, ఇంట్లో ఉండే పెద్దలు కూడా ఎక్కువే. పిల్ల కూరగాయలు తింటోందంటే ఆ గొప్ప ఫోను లేకపోవడానిదా, పక్కన కూర్చున్న మనిషిదా?

రాత్రి_షిఫ్ట్:
ఆ ముక్క మా వాడి బడిలో చెప్పాల్సింది. తల్లిదండ్రుల సమావేశంలో వాడి బరువు గురించి మాట్లాడుతూ, అందరి ముందూ 'ఫోను అలవాటు చేసింది మీరే కదా' అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నారు. ఆయనను ఒక్క మాట అడగలేదు. పలక గారూ, మీరు తెర అన్నప్పుడల్లా నాకు తల్లి అనే వినిపిస్తోంది.

పలక_బలపం:
నేను అనని మాట నాకు అంటగట్టకండి. మా అమ్మ కూలికి వెళ్లి వచ్చి కూడా మా ఎదురుగా కూర్చుని తినిపించింది. లేనివాళ్లకు పిల్లల్ని పెంచడం చేతకాదన్నట్టు మీరు మాట్లాడుతుంటే, అది నాకు అవమానం. పరిస్థితి పేరు చెప్పి మా అమ్మ చేసిన దాన్ని కొట్టిపారేయకండి!

నిర్వాహకులు:
ఇంటివాళ్లను చర్చలోకి లాగవద్దు.

తీరిక_లేదు:
ఇప్పటిదాకా లాగనిది ఎవరిని?

రాత్రి_షిఫ్ట్:
మీ అమ్మగారిని నేనెందుకు కొట్టిపారేస్తాను? ఆవిడ చేసిందే నేనూ చేయాలని నన్ను నిలదీయవద్దంటున్నాను. సరే, మీ పిల్లకు తినిపించేది ఎవరు?

పలక_బలపం:
నా భార్య. నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది.

రాత్రి_షిఫ్ట్:
ఆవిడ ఫోను ఇస్తారా?

పలక_బలపం:
ఇస్తుంది. మా ఇద్దరికీ గొడవ అక్కడే.

లెక్కల_మాస్టారు:
అయితే ఈ చర్చ జరగాల్సింది మీ ఇంట్లో.

పలక_బలపం:
జరిగింది. అందుకే ఇక్కడికి వచ్చాను. అయినా, వెనకాల మోగే టీవీ లెక్కలోకి వస్తుంది.