ఆదివారం సెలవు లేనివాళ్లు విశ్రాంతి దినం ఎలా పాటిస్తున్నారు?

అందరికీ వందనాలండి. మాది తిరుపతి. రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తాను. శని, ఆదివారాల్లో యాత్రికుల రద్దీ ఎక్కువ, ఆ రోజుల్లో సెలవు అడిగే ప్రసక్తే లేదు. ఆదివారం తెల్లవారుజామున మొదటి ఆరాధనకు వెళ్లి, అటునుంచే డ్యూటీకి పోతాను.

నా వీక్లీ ఆఫ్ మంగళవారం. ఆ రోజైనా దేవుని దగ్గర నెమ్మదిగా కూర్చుందామంటే బట్టలు, సరుకులు, సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన కూడిక. (కూడిక కూడా పనిలాగే అనిపిస్తోందని చెప్పడానికి మొహమాటంగా ఉంది, కానీ నిజం.) కాసేపు పడుకుంటే సోమరితనమేమో అని టెన్షన్.

మా అత్తమ్మ ఆదివారమే ప్రభువు దినం, మార్చకూడదంటుంది. నాకేమో బైబిల్లో మార్కు 2:27 చదివితే విశ్రాంతి దినం మనిషి కోసమే కదా అనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండం 5లో దాసదాసీలు కూడా విశ్రమించాలని ఉంది. అంటే నాలా ఒకరి కింద పనిచేసేవాళ్లను దేవుడు మర్చిపోలేదు.

ఆదివారం డ్యూటీ చేసే నర్సులు, ఆర్టీసీ వాళ్లు ఇక్కడ ఉంటే చెప్పండి. లేవీయకాండం 23:32లో సాయంత్రం నుంచి సాయంత్రం వరకు అని ఉంది కదా, అలా సోమవారం సాయంత్రమే మొదలుపెడితే నడుస్తుందా? ఇశ్రాయేలీయులు విశ్రాంతి దినానికి ముందు రోజే మన్నా (దేవుడిచ్చిన ఆహారం) రెండింతలు కూర్చుకున్నట్టు ముందే వంట చేసి పెట్టుకుంటారా? ఫోన్ సంగతేంటి? కూడికకు రానని పెద్దలకు నొప్పించకుండా ఎలా చెప్పారు?