పెంపుడు కుక్కలకు, పిల్లులకు లైసెన్సు తప్పనిసరి చేయాలా? మా అపార్టుమెంటు తీర్మానంపై మీ అభిప్రాయం కావాలి

బోయిన్‌పల్లి నివాసి

మా అపార్టుమెంటు సంఘం ముందుకు ఒక తీర్మానం వచ్చింది. కార్పొరేషన్ లైసెన్సు లేని కుక్కను ప్రాంగణంలో పెంచకూడదు, పిల్లులున్నవారు సంఘం కార్యాలయంలో వివరాలు నమోదు చేయించాలి అని దాని సారాంశం. వాదోపవాదాలు పెరిగి ఓటింగు వాయిదా పడింది. నేను తీర్మానం పక్షాన మాట్లాడాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, కాదనేవారు కారణాలు చెప్పండి.

హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు లైసెన్సు కొత్త మాట కాదు. జీహెచ్‌ఎంసీ వెటర్నరీ విభాగం చాలా కాలంగా ఇస్తూనే ఉంది. రేబిస్ టీకా ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు పెట్టాలి, ఏటా పునరుద్ధరించుకోవాలి. అయినా మా ప్రాంగణంలో కుక్కలున్న ఇళ్ళలో అడిగితే ఒక్కరూ ఆ కాగితం చూపించలేకపోయారు. అలాంటిదొకటి ఉందని తెలియనివారే ఎక్కువ. నిబంధన ఉండి ఎవరూ పాటించకపోతే చివరికి నష్టపోయేది కాటు తిన్న మనిషి. పెంపుడు జంతువు వల్ల ఇతరులకు హాని జరగకుండా చూసుకోవడం యజమాని బాధ్యత అని భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ చెబుతోంది. నిర్లక్ష్యం రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆ కుక్క ఫలానావారిదని రుజువు చేసేది ఎలా? కరిచిన మరునాడు "అది మాది కాదు, అప్పుడప్పుడు అన్నం పెడతాం అంతే" అనేవారిని చూశాను. పేరు మీద లైసెన్సు ఉంటే ఆ మాట అనలేరు.

దేశవాళీ కుక్కల నేస్తం

మీ ఆవేదన అర్థమవుతోంది, కానీ ఈ తీర్మానాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మొదటి విషయం, ఆ అధికారం మీ సంఘానికి లేదు. పెంపుడు జంతువులను నిషేధించే హక్కు నివాసుల సంఘాలకు లేదని, లిఫ్టులో రానివ్వకపోవడం కూడా తగదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. లైసెన్సు ఇవ్వడం, అడగడం కార్పొరేషన్ పని. సంఘం ఆ పని నెత్తిన వేసుకుంటే అది పొరుగువారి మీద పాత కక్షలు తీర్చుకోవడానికే ఉపయోగపడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఇవాళ నగరంలో కుక్కను పెంచేవారిలో వేలు పోసి జాతి కుక్కను కొన్నవారు ఉన్నారు, వీధిలో దొరికిన పిల్లను ఇంటికి తెచ్చుకున్నవారూ ఉన్నారు. జీహెచ్‌ఎంసీయే 2025 ఆగస్టులో జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ కుక్కపిల్లల దత్తత మేళా నిర్వహించింది. ఒకవైపు దత్తత తీసుకోండి అని పిలిచి, మరోవైపు లైసెన్సు, జరిమానా, సంఘం అనుమతి అంటూ భయపెడితే ఎవరు ముందుకు వస్తారు? జరిమానా పడుతుందని తెలిసిన రోజు కొందరు కుక్కను రింగ్ రోడ్డు అవతల దింపి వచ్చేస్తారు. ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో బతకలేదు. ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా నిబంధన రాయకండి.

చెన్నై తెలుగు

ఇక్కడి సంగతి చెబుతాను. 2025 చివర్లో చెన్నై కార్పొరేషన్ పెంపుడు కుక్కలకు లైసెన్సు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు సంఖ్య చిప్) తప్పనిసరి అంది, లేకపోతే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. రుసుము మాత్రం 50 రూపాయలే. శిబిరాల దగ్గర జనం బారులు తీరారు, గడువు పొడిగించవలసి వచ్చింది. జరిమానా భయం లేకపోతే వాళ్ళలో ఎంతమంది కదిలేవారు?

బెజవాడ పశువైద్యుడు

ఇద్దరూ యజమాని గురించి, సంఘం గురించి మాట్లాడుతున్నారు. నేను జబ్బు గురించి మాట్లాడతాను, ఎందుకంటే లైసెన్సు అవసరం అక్కడి నుంచే మొదలవుతుంది.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో మూడో వంతు మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల ద్వారానే. కాటు తగిలిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగాలి, ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. ఇది చాలామందికి తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. కరిచిన కుక్క గానీ పిల్లి గానీ ఆ తర్వాత 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో వైరస్ లేదని నిర్ధారించుకోవచ్చు. అప్పుడు మిగిలిన టీకా మోతాదుల విషయంలో వైద్యుడు నిర్ణయం తీసుకోగలడు. ఈ పరిశీలన పద్ధతి కుక్కలకు, పిల్లులకు మాత్రమే వర్తిస్తుంది. దానికి కావలసింది ఒక్కటే. కరిచిన జంతువు ఏదో, ఎక్కడ ఉందో తెలియాలి.

నా దగ్గరకు కాటు బాధితుల బంధువులు వస్తుంటారు. "ఏ కుక్కో తెలియదు, మెడకు పట్టీ ఉంది, ఎవరిదో అడిగితే ఎవరూ చెప్పడం లేదు" అంటారు. పట్టీకి సంఖ్యతో ఒక బిళ్ల ఉంటే, ఆ సంఖ్యకు టీకా తేదీ జతపడి ఉంటే, ఒక కుటుంబం వారాల తరబడి పడే భయం ఒక్క ఫోనుతో చాలావరకు తగ్గుతుంది. లైసెన్సుకు ఇంతకు మించిన కారణం నాకు కనిపించదు. జరిమానా, ఆదాయం, లిఫ్టు గొడవలు, ఇవన్నీ తర్వాతి సంగతులు.

అందుకే నా సూచన. దరఖాస్తు పట్టుకుని జనం కార్యాలయానికి వెళ్ళడం కాదు, టీకా వేసే బల్ల దగ్గరే లైసెన్సు ఇవ్వాలి. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం నాడు, రెండు రాష్ట్రాల్లోనూ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన రోజు అది. సెప్టెంబరు 28, రేబిస్ దినం నాడు మళ్ళీ శిబిరాలు. కుక్క అక్కడికి వచ్చింది, యజమాని వచ్చాడు, టీకా పడింది. ఆ క్షణంలో సంఖ్య ఇచ్చి బిళ్ల కట్టి పంపడానికి అడ్డేమిటి? ఇప్పుడు టీకా పుస్తకం ఒక శాఖది, లైసెన్సు ఇంకో శాఖది. ఒకదాని రికార్డు మరొకదానికి అందదు.

దేశవాళీ కుక్కల నేస్తం

డాక్టర్ గారూ, మీ సూచన నాకు నచ్చింది. అయినా ఒక ప్రశ్న. మన వీధుల్లో కరిచేవాటిలో పెంపుడు కుక్కలు ఎన్ని? 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాడి ప్రాణం తీసింది వీధి కుక్కలు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులూ, నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల నుంచి కుక్కలను తరలించాలన్న ఆదేశమూ వీధి కుక్కల గురించే. అక్కడ సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు సరిగ్గా జరగక సమస్య పెరిగితే, మీరు పెంపుడు కుక్కల యజమానుల చేతికి కాగితాలు ఇస్తున్నారు. ఇంగ్లండ్‌నే చూడండి. అక్కడ కుక్కల లైసెన్సు ఏళ్ళ తరబడి ఉండేది, రుసుము 37 పెన్నీలు. దాదాపు సగం మందే కట్టేవారు. 1987లో ఎత్తేశారు.

కాల్గరీ తెలుగువాడు

ఇంగ్లండ్ కథ అక్కడితో ఆగలేదండీ. 2016 నుంచి కుక్కలకు, 2024 జూన్ నుంచి పిల్లులకు మైక్రోచిప్ అక్కడ తప్పనిసరి. రుసుము వసూలును వదిలేసి, జంతువు ఎవరిదో తెలిసే ఏర్పాటును మాత్రం తిరిగి తెచ్చుకున్నారు.

నేనుండే కెనడాలోని కాల్గరీలో కుక్కలకూ పిల్లులకూ లైసెన్సు ఉండాలి. పిల్లులకు 2007లో మొదలైంది. మూడు నెలలు నిండిన ప్రతిదానికీ ఇది వర్తిస్తుంది. సంతాన నియంత్రణ చేయించిన వాటికి రుసుము తక్కువ. ఏ జాతినీ నిషేధించలేదు, ప్రవర్తనను బట్టే చర్య. నా పిల్లి ఒకసారి బయటికి పోయింది. నగర సిబ్బందికి దొరికింది, లైసెన్సు సంఖ్య చూసి నాకు ఫోన్ చేశారు. రుసుము కట్టినందుకు నాకు దక్కిన ప్రయోజనం అది. యజమానికి ఏదో ఒక మేలు కనిపించాలి. మన దగ్గర లైసెన్సు తీసుకుంటే కుక్క తప్పిపోయినప్పుడు కార్పొరేషన్ ఏం చేస్తుందో ఎవరైనా చెప్పగలరా? ఆ జవాబు లేనంతకాలం జనం దాన్ని మరో పన్నుగానే చూస్తారు.

విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి

కాల్గరీలో వీధి కుక్కల గుంపులు లేవు. ఆ తేడా మరిచిపోవద్దు.

మా రోజుల్లో కుక్కల లైసెన్సు ఎక్కడో ఒక రిజిస్టరు మూలన ఉండేది. ఎవరైనా అడిగితే ఇచ్చేవాళ్ళం, అడగకపోతే మాకూ గుర్తు రాదు. ఏడాది చివర రుసుముల వసూలు పట్టికలో ఆ పద్దు కనిపించీ కనిపించనట్టు ఉండేది కాబట్టి పై అధికారులూ పట్టించుకోలేదు. లైసెన్సును ఆదాయంగా చూసినంతకాలం ఇదే గతి. ఆరోగ్యం పద్దు కింద చూస్తేనే సిబ్బంది కదులుతారు. డాక్టర్ గారి సూచన అమలు కావాలంటే పశుసంవర్ధక శాఖ, కార్పొరేషన్ ఒకే రికార్డులో రాయాలి. అది ఉత్తర్వుతో అయ్యే పనే, చట్టం మార్చనక్కరలేదు.

బెంగళూరు అనుభవం కూడా గుర్తుంచుకోండి. 2018లో అక్కడి కార్పొరేషన్ ఫ్లాటుకు ఒక కుక్క, విడి ఇంటికి మూడు అని పరిమితి పెట్టబోయి జనాగ్రహంతో వెనక్కి తగ్గింది. లైసెన్సుకు సంఖ్యా పరిమితిని ముడిపెడితే మొత్తం పథకమే ఆగిపోతుంది.

మూడు పిల్లుల ఇల్లు

పిల్లుల మాట ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. పిల్లి మెడకు బిళ్ల కడితే కొమ్మలకు, కిటికీ ఊచలకు చిక్కుకుంటుంది. లాగితే విడిపోయే పట్టీ అయితేనే కట్టాలి. లేదా బియ్యపు గింజంత మైక్రోచిప్. అదీ భుజాల మధ్య చర్మం కింద పెడతారు, ఏ ఇబ్బందీ ఉండదు. కానీ దాన్ని చదివే పరికరం మన పశువైద్యశాలల్లో ఎన్నింటిలో ఉంది? సింగపూర్ 2024 సెప్టెంబరులో పిల్లుల లైసెన్సు మొదలుపెట్టి, రెండేళ్ళ గడువు ఇచ్చి, ఆ గడువులో తీసుకుంటే రుసుము లేదంది. అంతకుముందు అక్కడి ప్రభుత్వ ఫ్లాట్లలో పిల్లినే పెంచకూడదు. ఇప్పుడు రెండు పిల్లులకు అనుమతి. అక్కడ లైసెన్సు వల్ల పిల్లులకు హక్కు వచ్చింది. అలా వస్తే నేనే ముందు వరుసలో నిలబడతాను.

అద్దె ఇంటి మనిషి

ఇంతసేపు చదివాను. సొంత ఇల్లున్నవారు మాట్లాడుతున్నారు కాబట్టి నా మాట చెబుతాను. నాకు ఒక కుక్క ఉంది, వీధి నుంచి తెచ్చిందే. ఏటా టీకా వేయిస్తాను, శస్త్రచికిత్స చేయించాను. లైసెన్సుకు వెళ్తే మా పట్టణ కార్యాలయంలో ఇంటి యజమాని సంతకం, పక్కింటివారి అంగీకారం తెమ్మన్నారు. ఇంటి యజమాని సంతకం పెట్టనన్నారు. "కాగితం మీద నా పేరెందుకు, కుక్క ఉంటే ఉండనీ" అన్నారు. పక్కింటివారు సంతకానికి బదులుగా పార్కింగ్ చోటు అడిగారు. నా కుక్క ఇప్పటికీ లైసెన్సు లేని కుక్కే. బోయిన్‌పల్లి గారి తీర్మానం మా ప్రాంగణంలో నెగ్గితే రోడ్డున పడేది నేను. నిబంధన పాటించాలని వెళ్ళినవాణ్ణి నేను.

బోయిన్‌పల్లి నివాసి

మీ మాటకు జవాబు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. లైసెన్సు యజమాని బాధ్యతకు గుర్తు అని నేను వాదించాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. పెంపుడు కుక్క కాట్లు తక్కువ కాబట్టి వదిలేయమన్న వాదన ఒప్పుకోను. వీధి కుక్క విషయంలో కార్పొరేషన్‌ను నిలదీస్తాం, పెంపుడు కుక్క విషయంలో నిలదీయడానికి ఒక మనిషి ఉండాలి కదా. కానీ పొరుగువారి సంతకం అన్న షరతు లైసెన్సు ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. టీకా వేయించాడా లేదా అన్నదానికి పొరుగువాడి ఇష్టంతో సంబంధం లేదు.

కాబట్టి సంఘం ముందు పెట్టబోయే తీర్మానం ఇలా మారుస్తున్నాను. లైసెన్సు లేనివారిని వెళ్ళగొట్టే వాక్యం తీసేస్తాను. దాని బదులు, మా ప్రాంగణంలోనే టీకా శిబిరం పెట్టమని, అక్కడికక్కడే లైసెన్సు సంఖ్య ఇవ్వమని కార్పొరేషన్‌ను, పశుసంవర్ధక శాఖను రాతపూర్వకంగా కోరతాం. దరఖాస్తుకు టీకా పత్రం, చిరునామా రుజువు చాలునని, ఇంటి యజమాని, ఇరుగుపొరుగు సంతకాలు అడగవద్దని అందులో రాస్తాం. పిల్లులకు బిళ్ల బలవంతం లేదు, టీకా నమోదు మాత్రం ఉంటుంది. బయటికి తెచ్చినప్పుడు కుక్క గొలుసుతో ఉండాలన్న నియమం ఉంచుతాం, దాన్ని వదులుకోను.

దేశవాళీ కుక్కల నేస్తం

గొలుసు విషయంలో పేచీ లేదు. మూతికి చిక్కం మాత్రం అన్ని కుక్కలకూ అని రాయకండి, కరిచిన చరిత్ర ఉన్నవాటికే అనండి. జరిమానా మొదటి ఏడాది ఉండకూడదు. సింగపూర్ రెండేళ్ళు ఇచ్చినప్పుడు మనం ఒక్క ఏడాది ఇవ్వలేమా? ఈ రెండూ చేరిస్తే ఉత్తరం మీద నా సంతకం కూడా ఉంటుంది. లేకపోతే మీ సమావేశానికి వచ్చి వ్యతిరేకిస్తాను.

బెజవాడ పశువైద్యుడు

ఉత్తరంలో ఒక సాంకేతిక విషయం చేర్చండి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండాకే తొలి రేబిస్ టీకా వేస్తారు. లైసెన్సు వయసు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. లేకపోతే రెండు నెలల పిల్లను దత్తత తెచ్చుకున్నవారు మొదటి రోజు నుంచే నిబంధన తప్పినవారవుతారు.

అద్దె ఇంటి మనిషి

మా ఊరి కార్యాలయానికి కూడా ఇదే ఉత్తరం పంపుతాను. నమూనా ఇక్కడ పెట్టగలరా?