లాక్‌డౌన్‌లో పిల్లల క్యాజువాలిటీ కేసులు: రిజిస్టర్ నుంచి ఏం తేల్చొచ్చు?

కర్నూలు_పీజీ: 2020 మార్చి 25 నుంచి మే 31 దాకా పిల్లల క్యాజువాలిటీ రిజిస్టర్‌ను 2019 అవే తేదీల పక్కన పెట్టాను. మొత్తం కేసులు సగానికంటే తక్కువ. తేలుకాటు, కిరోసిన్ తాగిన కేసుల శాతం మాత్రం రెట్టింపు దాటింది. ఇంటి ప్రమాదాలు పెరిగాయని థీసిస్‌లో రాయొచ్చా సార్?

తుంగభద్ర_గట్టు: అప్పుడే రాయొద్దు నాయనా. శాతాలు పక్కనపెట్టి ఉత్త సంఖ్యలు చూడు. 2019లో 1000 కేసుల్లో తేలుకాట్లు 30 అనుకో, 3 శాతం. 2020లో 300 కేసుల్లో 24 అనుకో, 8 శాతం. తేలుకాట్లు తగ్గినా శాతం పెరిగింది. జ్వరాలు, జలుబులు రాకపోయేసరికి మిగిలినవన్నీ లావుగా కనబడతాయి.

ఇంకో తిరకాసు అడ్రసుది. కర్నూలు పెద్దాసుపత్రికి నది అవతల అలంపూర్, గద్వాల వాళ్లూ వస్తారు. సరిహద్దులో చెక్‌పోస్టులు పడితే వాళ్లు రాలేరు. అన్ని ఏళ్లలోనూ కర్నూలు జిల్లా పిల్లల్ని మాత్రమే ఉంచు. ఎండాకాలం ఏటా ఒకేలా ఉండదు, 2017, 2018 కూడా చేర్చు. దగ్గు, జ్వరం వాళ్లను వేరే గదికి పంపి వేరే పుస్తకంలో రాసుంటే, అది చేతికొచ్చేదాకా మొత్తం లెక్కనే నమ్మొద్దు.

కడప_పిల్లలవార్డు: ఈ తగ్గుదలలో రెండు కలిసున్నాయి: బళ్లు మూతపడి అంటుజబ్బులే తగ్గడం, జబ్బున్నా ఆసుపత్రికి రాకపోవడం. విడదీయాలంటే అపెండిసైటిస్‌ను (పేగుకున్న అపెండిక్స్ వాపు) కొలబద్దగా పెట్టుకోండి. బడి మూస్తే తగ్గే జబ్బు కాదది. సంఖ్య దాదాపు అంతే ఉండి, పగిలాక వచ్చినవి పెరిగితే ఆలస్యంగా తెచ్చారన్నమాట.

డీకేఏ (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాద స్థితి) ఈ ఆలస్యాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. జర్మనీలో 2020 మార్చి 13–మే 13 మధ్య కొత్తగా టైప్ 1 షుగర్ బయటపడిన పిల్లల్లో 44.7 శాతం అప్పటికే డీకేఏలో ఉన్నారు. 2019లో అదే కాలానికి 24.5. మీ దగ్గర అంకెలు చిన్నవి కాబట్టి శాతం కట్టకండి, కేసులుగానే రాయండి.

తేలుకాటుకు కుట్టిన టైము, చేరిన టైము కేస్‌షీట్‌లో వెతకండి. తేలుకాటుకిచ్చే మందు ప్రాజోసిన్ లేటయ్యేకొద్దీ ఊపిరితిత్తుల్లో నీరు చేరే (పల్మనరీ ఎడిమా) ముప్పు ఎక్కువ. అందుకే ఎన్ని గంటలకు వచ్చారు, ఎందరికి పల్మనరీ ఎడిమా అన్నదే మీ అసలు టేబుల్. కిరోసిన్ కేసులు ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసుల) పుస్తకంలోనూ సరిచూసుకోండి.

కర్నూలు_పీజీ: అడ్మిషన్ శాతం కూడా పెరిగింది. తీవ్రత పెరిగిందనొచ్చా?

తుంగభద్ర_గట్టు: మళ్లీ అదే గుంతలో పడుతున్నావు. తేలిక కేసులు ఇంట్లోనే ఆగిపోతే అడ్మిషన్ శాతం దానంతటదే పెరుగుతుంది. వార్డుకెంతమంది, పీఐసీయూకి (పిల్లల ఐసీయూ) ఎంతమంది, ఉత్త సంఖ్యలే పెట్టు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో 2020 మార్చి 29–ఏప్రిల్ 25 మధ్య 10 ఏళ్లలోపు పిల్లల ఎమర్జెన్సీ విజిట్లు 72 శాతం పడిపోయాయి. దాంతో పోల్చాలంటే నీ తేదీలనూ ఆ 4 వారాలకే కుదించు. మేలో సడలింపులొచ్చాయి, ఆ నెల కలిపితే తగ్గుదల తక్కువగా కనబడొచ్చు.