వేరే ప్రాసెస్‌లో నడిచే కాంపొనెంట్ తన ఫారం తానే చూపించొచ్చా?

పలాస_కాటా:
మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. బిల్లింగ్ ఇంకా 1998 నాటి వీబీ6 (విజువల్ బేసిక్ 6)లోనే నడుస్తోంది. కాటా నుంచి తూకం చదవడానికి విడిగా ఒక యాక్టివ్‌ఎక్స్ ఈఎక్స్‌ఈ ఉంది, అంటే వేరే ప్రాసెస్‌గా (విడి ప్రోగ్రాంగా) నడుస్తూ బిల్లింగ్ అడిగిన పని చేసిపెట్టే కాంపొనెంట్. కేబుల్ ఊడితే "కేబుల్ చూడండి" అని ఆ ఈఎక్స్‌ఈయే ఒక ఫారం (విండో) తెరుస్తుంది. ఆ ఫారం ఒక్కోసారి బిల్లింగ్ వెనకాల ఉండిపోతోంది. గుమస్తా బిల్లు మీద క్లిక్కులు కొడుతూ కూర్చుంటాడు, కాసేపటికి "కాంపొనెంట్ రిక్వెస్ట్ పెండింగ్" అని వస్తుంది. బయట లారీవాడు హారన్. సర్వర్‌కి, అంటే ఆ ఈఎక్స్‌ఈకి, స్క్రీన్ జోలి ఎందుకంటాడు మా తమ్ముడు. తూకం సంగతి తెలిసింది దానికే, అదే చెబితే తప్పేంటని నేను.

బొబ్బిలి_బిట్స్:
తమ్ముడిదే కరెక్ట్ అన్నా. మోడల్ ఫారం (మూసేదాకా మిగతా ఫారాలను ముట్టుకోనివ్వనిది) ఆపగలిగేది తన ప్రాసెస్‌లోని ఫారాలనే. బిల్లింగ్ వేరే ప్రాసెస్, కాటా ఫారం దాని కింద పడిపోతే అడ్డేముంది? ఆ పెండింగ్ మెసేజ్‌కి మామూలుగా 5000 మిల్లీసెకన్ల గడువు. పెంచితే మెసేజ్ లేటుగా వస్తుంది, అంతే.

రాజాం_పాతకాపు:
అంత కొట్టిపారేయకండి. ఎక్సెల్ కూడా ఈఎక్స్‌ఈ సర్వరే, దాని విండో చూసి ఎవరైనా కంగారు పడ్డారా? వెనకున్న ప్రాసెస్ తనంతట తాను ముందుకు రాకుండా విండోసే ఆపుతుంది, టాస్క్‌బార్‌లో మిణుకుమంటుంది. బిల్లింగ్ ముందున్నప్పుడే కోఎలౌసెట్‌ఫోర్‌గ్రౌండ్‌విండో అనే విండోస్ ఫంక్షన్ పిలిచి ముందుకొచ్చే హక్కు కాటా ఈఎక్స్‌ఈకి ఇచ్చేస్తే గొడవ లేదు.

బొబ్బిలి_బిట్స్:
మనిషి ఎదురుగా కూర్చున్నంతవరకే అది. సర్వర్ మెషీన్ల మీద ఎంఎస్ ఆఫీస్‌ని అలా నడపొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, ఏ డైలాగో వస్తే నొక్కేవాడు ఉండడని. రేపు ఈ ఈఎక్స్‌ఈని సర్వీస్‌గా (ఎవరూ లాగిన్ కాకపోయినా వెనకాల నడిచేదిగా) మారిస్తే? విండోస్ విస్టా నుంచి సర్వీసులన్నీ సెషన్ 0లోనే, అంటే లాగిన్ అయిన మనిషి స్క్రీన్‌తో సంబంధం లేని చోటే. ఫారం తెరుచుకుంటుంది, ఎవరికీ కనపడదు. బిల్లింగ్ మాత్రం ఆగిపోతుంది.

పలాస_కాటా:
అయ్యబాబోయ్, లాగిన్ కాకముందే కాటా నడవాలని సర్వీస్ చేద్దామనే అనుకుంటున్నాం. మరి కేబుల్ ఊడిందని ఎవరు చెప్పాలి?

బొబ్బిలి_బిట్స్:
ఈఎక్స్‌ఈ ఈవెంట్ (ఇలా జరిగిందనే కబురు) పంపాలి, ఫారం బిల్లింగ్ చూపించాలి. ఒక్క జాగ్రత్త: ఆ ఈవెంట్ ప్రొసీజర్‌లోనే (కబురు రాగానే బిల్లింగ్‌లో నడిచే కోడ్‌లోనే) మెసేజ్ బాక్స్ పెట్టకు. నువ్వు ఓకే కొట్టేదాకా కాటా ఈఎక్స్‌ఈ అక్కడే ఎదురుచూస్తుంది. ఒక టైమర్ ఆన్ చేసి బయటికొచ్చేయ్, ఫారం టైమర్‌లో తెరువు.

రాజాం_పాతకాపు:
కామ్ పోర్టు, బాడ్ రేటు (కాటా ఏ పోర్టులో, ఎంత వేగంతో అనే) సెట్టింగుల ఫారం కూడా బిల్లింగ్‌కి తగిలిస్తావా? కాటా మార్చినప్పుడల్లా బిల్లింగ్ కంపైల్ చేసుకోవాలి గురూ.

బొబ్బిలి_బిట్స్:
అది విడి ప్రోగ్రాంగా ఉండనీ, ఐకాన్ నొక్కి తెరుచుకుంటారు. తూకం అడిగిన మధ్యలో మాత్రం ఏదీ లేవకూడదు.